ట్యాంకు మీద వచ్చిన పోలీసు

మీ ఊరి పోలీస్ స్టేషన్‌లో ట్యాంకు ఉందా? పోనీ, బాంబులు వేసే విమానం? ఎస్సైగారి జీపులో డీజిలే ఉండదు, విమానం ఎక్కడిదంటారా? అయితే మీకు చరిత్ర తెలియదన్నమాట. 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున హైదరాబాద్ సంస్థానంలోకి దిగిన ‘పోలీసుల’ దగ్గర ఇవన్నీ ఉన్నాయి. ట్యాంకుల డివిజన్ ఉంది. టెంపెస్ట్ యుద్ధ విమానాలున్నాయి. పడమట షోలాపూర్ నుంచి ఒక దండు. తూర్పున బెజవాడ నుంచి ఇంకో దండు. పైన లెఫ్టినెంట్ జనరల్, ముందు మేజర్ జనరల్. ఎస్సైల పేర్లు మాత్రం ఎక్కడా వినపడవు.

సైన్యం తనలో తాను పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. ఢిల్లీ లోకానికి చెప్పిన పేరు పోలీసు చర్య. లోపల పోలో, బయట పోలీసు. రెండింటికీ మొదటి అక్షరం ఒకటే. అంతకుమించి పోలికేమీ లేదు.

ఐదు రోజుల్లో పని అయిపోయింది. 17న నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ వచ్చి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. దొంగలు పోలీసులకు లొంగుతారు, సైన్యం సైన్యానికి లొంగుతుంది. మరి సైన్యం పోలీసులకు లొంగడమేమిటి? అలా అడక్కూడదు. ఆ తర్వాత చౌధురిగారు కూర్చున్న కుర్చీకి ఏం పేరు పెట్టారో తెలుసా? మిలిటరీ గవర్నర్! పోలీసు చర్య ముగిశాక మిలిటరీ పాలన. నవ్వొస్తే నవ్వండి. అప్పట్లో నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

ఓ మాట ముందే చెప్పేస్తున్నా. నిజాం కోసం కన్నీళ్లు కార్చే పని మనకు లేదు. వెట్టి చాకిరీతో ఊళ్లకు ఊళ్ల నడుం విరిచిన రాజ్యం అది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో నిజాం కొమ్ముకాసే రజాకార్లు చేసిన ఊచకోతకు ఆ ఊరి బురుజు సాక్షి. ఆ రాజ్యం పోవలసిందే. జనమే దాన్ని కూలదొయ్యడం మొదలుపెట్టారు కూడా. పోవలసిన రాజ్యం పోయింది, సంతోషం. పోగొట్టిన పద్ధతికి ఓ దొంగపేరు ఎందుకు పెట్టారన్నదే నా గొడవ. ఆ పేరు చాటున ఎవరు ఏం దాచుకున్నారన్నది అసలు గొడవ.

సరే, పోలీసు చర్యే అనుకుందాం. కాగితాలు తియ్యండి. ఎఫ్ఐఆర్ ఏది? పంచనామా ఏది? చచ్చినవాళ్లకు పోస్టుమార్టం ఎవరు చేశారు? ఒక్క శవం దొరికితే ఊరంతా సాక్షి సంతకాలు పెట్టించుకునే పోలీసులు, వేల శవాలకు ఒక్క కాగితమైనా రాయలేదేం?

ముద్దాయిల సంగతి చూడండి, ఇంకా బాగుంటుంది. మొదటి ముద్దాయి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. శిక్ష: 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్ పదవి. పైగా రాజభరణం. రెండో ముద్దాయి ఆయన ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ. గృహ నిర్బంధంలో ఉంచారు. 1950 మార్చిలో చల్లగా జారుకుని పాకిస్తాన్‌లో తేలాడు. చుట్టూ కాపలా ఉండగానే! మూడో ముద్దాయి రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ. ఇతగాడికి నిజంగానే కోర్టు, కేసు, శిక్ష అన్నీ జరిగాయి. దేనికి? సంస్థానమంతా రాజేసిన నెత్తుటి మంటకు అనుకుంటున్నారా? బీబీనగర్ దోపిడీ కేసులో! జైల్లో ఉండి 1957లో బయటికొచ్చి, అతనూ పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఇంత పెద్ద పోలీసు చర్యలో చివరికి గట్టిగా నిలబడింది ఒక్క దోపిడీ కేసు. భేష్!

ఇక మన వైపు మనిషి ఒకాయన కథ వినండి. హవల్దార్ బచిత్తర్ సింగ్. సిక్కు రెజిమెంటు రెండో బెటాలియన్. మొదటి రోజునే నల్‌దుర్గ్ దగ్గర అతని ప్లటూన్‌కు మెషీన్ గన్ అడ్డం పడింది. ముందుకు ఉరికాడు. తొడలో తూటాలు దిగాయి, కింద పడ్డాడు. పడ్డచోట ఆగలేదు. పాక్కుంటూ వెళ్లి రెండు గ్రెనేడ్లు విసిరి ఆ తుపాకీ నోరు మూయించాడు. వెనక్కి తీసుకెళ్తామంటే ఒప్పుకోలేదు. అక్కడే ప్రాణం వదిలాడు. దేశం అతనికి అశోక చక్ర ఇచ్చి గౌరవించింది. పరమవీర చక్ర ఎందుకివ్వలేదు? అది యుద్ధంలో శత్రువుకు ఎదురు నిలిచినవాళ్లకు. అశోక చక్ర శాంతికాలపు శౌర్యానికి. రికార్డు ప్రకారం ఆ మనిషి తొడలోకి తూటాలు దిగింది శాంతికాలంలో. మెషీన్ గన్ పేలింది శాంతికాలంలో. అవతలివాడు శత్రువు కాడు, ఎవరో మరి! పతకం చిన్నదని కాదు నా బాధ. చచ్చిపోయినవాడి పతకం మీద కూడా సర్కారు అబద్ధం చెక్కించిందే, అదీ బాధ.

ఇంతకీ ఈ పేరెందుకు? కారణం తేలికే. యుద్ధం అంటే రెండు దేశాలుండాలి. రెండు దేశాలుంటే ఐక్యరాజ్యసమితి తలదూరుస్తుంది. అప్పటికే హైదరాబాద్ ఆగస్టులోనే ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 16న పారిస్‌లో భద్రతా మండలి దాన్ని చేతికి తీసుకుంది. మర్నాటికి ఇక్కడ ఆట ముగిసింది. కొన్నాళ్లకే నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని తంతి కొట్టాడు. పోలీసు చర్య అంటే ఇంటి గొడవ. ఇంటి గొడవలో పొరుగువాడు వేలు పెట్టకూడదు. లాయరు బుర్రకు ఇంతకన్నా మంచి ఉపాయం తట్టదు.

ఆ ఉపాయం మన సొంతమైనా బాగుండేది. అదీ కాదు. అరువు సరుకు. ఎవరి దగ్గర అరువు? డచ్చి దొరల దగ్గర!

1947 జులైలో డచ్చి సైన్యం ఇండోనేషియా మీద పడింది. స్వాతంత్ర్యం ప్రకటించుకున్న జనాన్ని మళ్లీ కాడికి కట్టడానికి. దానికి వాళ్లు పెట్టిన పేరేమిటి? పోలీసు చర్య. మా వలస, మా ఇల్లు, మా శాంతిభద్రతలు, మీకెందుకు అన్నారు. అప్పుడు మండిపడి, ఆస్ట్రేలియాతో కలిసి ఆ గొడవను భద్రతా మండలికి లాక్కెళ్లింది ఎవరు? మనమే. భారతదేశం. ఏడాది గడిచింది. 1948 సెప్టెంబరులో అదే పేరు మన నోట. మూడు నెలలు తిరిగాయి. డిసెంబరులో డచ్చివాళ్లు రెండో ‘పోలీసు చర్య’ చేశారు. యోగ్యకర్త పట్టుకున్నారు. సుకర్ణోను, హట్టాను నిర్బంధించారు. నెహ్రూగారికి మళ్లీ కోపం వచ్చింది. 1949 జనవరిలో ఆసియా దేశాలను ఢిల్లీకి పిలిచి మహాసభ పెట్టారు. ఇండోనేషియాలో జరిగేది దురాక్రమణ అని లోకం ముందు ఎండగట్టారు.

రెండూ ఒకటేనా అని మీరు నా మీదికి రావచ్చు. కావు. అక్కడ వలస పాలకుడు, ఇక్కడ ఫ్యూడల్ నవాబు. న్యాయం ఎటుందో నాకూ తెలుసు. మరి న్యాయం మన వైపు అంత గట్టిగా ఉన్నప్పుడు దొంగ పెట్టిన పేరు అరువు తెచ్చుకోవడం దేనికండీ? ‘నిరంకుశుణ్ని దించడానికి సైన్యాన్ని పంపాం’ అని ఒక్క ముక్క చెబితే పోయేది కదా!

డచ్చివాళ్ల కథకు ఒక కొసరు ఉంది. 2022 ఫిబ్రవరిలో వాళ్ల ప్రధాని రుటె ఇండోనేషియాకు క్షమాపణ చెప్పారు. ఆ ‘పోలీసు’ రోజుల్లో హింస హద్దులు దాటిందని, ప్రభుత్వాలు చూసీ చూడనట్టు ఊరుకున్నాయని ఒప్పుకున్నారు. డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. అయినా నోరు విప్పారు. మన సంగతి కాసేపట్లో చూద్దాం.

పేరుకు గిరాకీ బాగా ఉంది. 1950 జూన్ చివర్లో కొరియాకు అమెరికా సైన్యం కదిలింది. ఒక విలేకరి అధ్యక్షుడు ట్రూమన్‌ను అడిగాడు: దీన్ని ఐక్యరాజ్యసమితి కింద పోలీసు చర్య అనవచ్చా? అవును, సరిగ్గా అదే, అన్నాడాయన. విలేకరి నోటికి అందించాడు, అధ్యక్షుడు చప్పరించాడు. ఆ పోలీసు డ్యూటీలో 36 వేలకు పైగా అమెరికన్ సైనికులు చచ్చారు. కొరియన్లు లక్షల్లో పోయారు. 1953 జులైలో కాల్పులు ఆగాయి. శాంతి ఒప్పందం ఇవాళ్టికీ లేదు. మొదలైనట్టే చెప్పనిది ముగిసినట్టు ఎలా చెబుతారు?

అంతకుముందు జపాన్‌ది ఇంకా సన్నాయి నొక్కు. 1937లో చైనా మీద పడి దాన్ని ‘చైనా ఘటన’ అంది. రోడ్డు మీద సైకిలూ ఆటో గుద్దుకున్నా ఘటనే, నాన్‌జింగ్ ఊచకోతా ఘటనే! యుద్ధమని ఒప్పుకుంటే అమెరికా చట్టం ప్రకారం ఆయుధాల సరఫరా ఆగిపోతుందని చైనా కూడా నాలుగేళ్లు ఆ మాట ఎత్తలేదు. వ్యాపారం, వ్యాపారం.

ఆ అమెరికా చివరిసారిగా అధికారికంగా యుద్ధం ప్రకటించింది ఎప్పుడో తెలుసా? 1942లో. ఆ తర్వాత కొరియా, వియత్నాం, ఇరాక్, అఫ్ఘానిస్తాన్... ఒక్కదానికీ ప్రకటన లేదు. 60 రోజులకు మించితే కాంగ్రెస్ అనుమతి కావాలని 1973లో చట్టం చేసుకున్నారు. 2011లో లిబియా మీద బాంబులు వేస్తుండగా ఆ 60 రోజులూ దాటాయి. ఒబామా ప్రభుత్వం ఏం చేసింది? అనుమతి అడిగిందా? బాంబులు ఆపిందా? రెండూ కాదు. అక్కడ జరిగేది చట్టంలో చెప్పిన ‘శత్రు చర్యల’ కిందికి రాదని రాసిచ్చింది. మా సైనికులు నేల మీద లేరు, వాళ్లు మమ్మల్ని తిరిగి కొట్టలేకపోతున్నారు కాబట్టి ఇది పోరే కాదన్నది ఆ వాదన సారం. తిరిగి కొట్టలేనివాణ్ని కొడితే కొట్టినట్టు కాదు! శభాష్ వకీలుసాబ్. 2025 సెప్టెంబరులో ట్రంప్ తన రక్షణ శాఖకు మళ్లీ ‘యుద్ధ శాఖ’ అని పేరు తగిలించాడు. బోర్డు మీదికి యుద్ధం తిరిగొచ్చింది. ప్రకటన మాత్రం 1942 దగ్గరే ఆగింది.

ఇవన్నీ పాఠశాలలైతే పీహెచ్‌డీ పుతిన్‌ది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌లోకి సేనలను తోలి ‘ప్రత్యేక సైనిక కార్యాచరణ’ అన్నాడు. తిరుమలలో ప్రత్యేక దర్శనంలా ఉంది పేరు. మార్చి మొదటివారానికల్లా చట్టం వచ్చింది. సైన్యం గురించి సర్కారుకు నచ్చని మాట చెబితే 15 ఏళ్ల దాకా జైలు. మాస్కోలో అలెక్సీ గోరినోవ్ అనే కౌన్సిలర్ యుద్ధాన్ని యుద్ధమన్నాడు. ఏడేళ్లు వేశారు. ఆ డిసెంబరులో పుతిన్‌గారే మాటల మధ్య యుద్ధమనేశారు. ఒక కౌన్సిలర్ వెంటనే ప్రాసిక్యూటర్లకు రాశాడు: అయ్యా, ఈయన మీద కూడా కేసు పెట్టండి! పెట్టారా? మీకూ నాకూ తెలుసు.

అదే ఏడాది సమర్‌ఖండ్ సభలో మన ప్రధాని మోదీ ఆయనతో ఇది యుద్ధాల శకం కాదన్నారు. జరిగేది యుద్ధమే కాదని ఆయన అప్పటికే అంటున్నాడు. ఇంత చక్కటి ఏకాభిప్రాయం ఏ శిఖరాగ్ర సభలో కుదిరింది చెప్పండి?

దూరం సంగతి మనకెందుకంటారేమో. ఉక్రెయిన్‌లో ఖార్కివ్ బేస్‌మెంట్లలో నీళ్లూ తిండీ లేకుండా బిక్కుబిక్కుమన్న మెడికల్ విద్యార్థుల్లో మన తెలుగు పిల్లలు లేరా? 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ఒక హైదరాబాద్ యువకుడి మరణం ప్రకటించింది. హెల్పర్ ఉద్యోగమని ఏజెంట్లు చెప్పారు. అక్కడికి వెళ్లాక తెలిసింది అది యుద్ధంలో ముందు వరస అని. ఆ ఇంటికి వెళ్లి చెప్పండి, అమ్మా, అది యుద్ధం కాదు, ప్రత్యేక కార్యాచరణ అని.

చట్టం తెలిసినవాళ్లు ఈ దొంగాటను ఎప్పుడో పట్టేశారు. 1949 జెనీవా ఒప్పందాలు చూడండి. యుద్ధం ప్రకటించినా, ప్రకటించకపోయినా, ఒక పక్షం అసలు యుద్ధమే లేదన్నా సరే, సాయుధ ఘర్షణ ఉంటే నిబంధనలు వర్తిస్తాయని రాసుకున్నారు. రాజ్యాలు సంతకాలు పెట్టాయి. పెట్టి వేరే పేర్లు వెతకడానికి వెళ్లాయి.

జెనీవా దాకా ఎందుకు? మీ బీరువాలో ఇన్సూరెన్స్ పాలసీ ఉంటుంది చూడండి. చివరి పేజీల్లో, చీమ తలకాయంత అక్షరాల్లో, దేనికి డబ్బు ఇవ్వరో రాసి ఉంటుంది. యుద్ధం, దండయాత్ర, శత్రు చర్యలు, ఆ పక్కనే బ్రాకెట్లో ‘యుద్ధం ప్రకటించినా, ప్రకటించకపోయినా’ అని ఉంటుంది. ప్రధానులకు, అధ్యక్షులకు కనపడని యుద్ధం ఇన్సూరెన్స్ కంపెనీకి భేషుగ్గా కనపడుతుంది. ఎందుకంటే అక్కడ డబ్బు కట్టాల్సొస్తుంది. పేరు మారిస్తే లెక్క ఎవడు ఎగ్గొడతాడో దానికి బాగా తెలుసు.

ఇక మన లెక్క.

పోలీసు చర్య తర్వాత సంస్థానంలో ఏం జరిగింది? నెహ్రూ స్వయంగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను పంపారు. 1948 చివర్లో వాళ్లు తొమ్మిది జిల్లాలు తిరిగారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ప్రతీకారం ఘోరంగా సాగిందన్నారు. సంస్థానమంతటా చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టారు. కొన్నిచోట్ల సైనికులు జనాన్ని కాపాడారు. కొన్నిచోట్ల లూటీకి తామే ఉసిగొల్పారు, పాలు పంచుకున్నారు. రెండూ రాశారు. నిజాయితీ ఉన్నవాళ్లు కాబట్టి. ఆ కాగితాలు ఏమయ్యాయి? బీరువా. తాళం. గప్‌చుప్. 2013 ప్రాంతానికి గానీ ఢిల్లీలో నెహ్రూ స్మారక మ్యూజియంలో అందరికీ చూడ్డానికి దొరకలేదు. అంచనా ఎక్కువని పటేల్ పక్షం అప్పుడే అంది. కావచ్చు. మరి సరైన లెక్క ఏది? తక్కువైతే ఎంత తక్కువ? యుద్ధమైతే మృతుల జాబితా ఉండేది, పోలీసు కేసైతే విచారణ ఉండేది. ఇది రెండూ కాని ముచ్చట. లెక్క హుళక్కి.

అంతటితో అయిపోయిందా? రజాకార్లు అయిదు రోజుల్లో చెదిరిపోయారు. పోలీసు చర్య ముగిసింది కదా, సైన్యం వెనక్కి పోవాలి కదా? పోలేదు. తుపాకీ కమ్యూనిస్టుల వెంట నడిచిన సంఘపోళ్ల వైపు తిరిగింది. నిజాంతో పోరాడిన రైతులే ఇప్పుడు ముద్దాయిలు. ఊళ్లొదిలి పారిపోయిన దేశ్‌ముఖ్‌లు యూనియన్ సైన్యం వెనక, నెత్తిన గాంధీ టోపీ పెట్టుకుని గడీల్లోకి తిరిగొచ్చారు. నిన్నటిదాకా నిజాంకు సలాములు కొట్టిన చేతులే! కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్యగారి లెక్క ప్రకారం ఈ పోరాటంలో నాలుగు వేల మంది దాకా చచ్చారు. పది వేల మందికి పైగా నిర్బంధంలో మగ్గారు. పోరాట విరమణ 1951 అక్టోబరులో. ఐదు రోజుల పోలీసు చర్యకు మూడేళ్ల తోక!

పల్లెల్లో ముసలాళ్లు ఇప్పటికీ వయసు చెప్పాలంటే ‘పోలీస్ యాక్షన్ నాటికి నేను ఇంత ఉన్న’ అని చెయ్యి కొలిచి చూపిస్తారు. ఆ పేరు అంతగా నాటుకుపోయింది. బాధితుడి నోట్లో కూడా సర్కారు పేరే మిగిలింది. పాలకుడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక సెప్టెంబరు 17 జాతర చూడండి. విమోచనమని ఒకరు. విలీనమని ఒకరు. విద్రోహమని ఒకరు. 2022లో రాష్ట్ర సర్కారు జాతీయ సమైక్యతా దినోత్సవమంది. అదే రోజు, అదే నగరంలో, పరేడ్ గ్రౌండ్‌లో కేంద్రం విమోచన దినం, పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్రం సమైక్యతా దినం. రెండు జెండాలు, రెండు మైకులు, రెండు చరిత్రలు. ట్రాఫిక్ జామ్ ఒక్కటే ఉమ్మడి. ప్రభుత్వం మారింది. 2024లో అదే తారీఖు ప్రజాపాలన దినోత్సవమైంది. ఏడు దశాబ్దాలకు పైగా పేర్లు మారుతూనే ఉన్నాయి. బైరాన్‌పల్లివాళ్ల పేర్లు ఒకరు చదువుతారు, ఉస్మానాబాద్‌వాళ్ల పేర్లు నొక్కేస్తారు. ఇంకొకరు అవి చదివి ఇవి నొక్కేస్తారు. సంఘపోళ్ల పేర్లు ఇద్దరూ కలిసి నొక్కేస్తారు. ఈ ఒక్క విషయంలో మాత్రం సమైక్యత నిజమే.

అయ్యా, వచ్చే సెప్టెంబరు 17న మీ మండల కేంద్రానికి ఎవరో ఒక నాయకుడు వస్తాడు. ఏ కండువా అయినా సరే. జెండా ఎగరేసి మైకు అందుకోగానే లేచి నిలబడి రెండే రెండు అడగండి. సుందర్‌లాల్ నివేదికను సర్కారు ముద్రతో తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో, కన్నడంలో ఎప్పుడు అచ్చేయిస్తారు? రజాకార్లు చంపినవాళ్ల పేర్లు, ప్రతీకారంలో పోయినవాళ్ల పేర్లు, సంఘంలో ఉండి కాల్పుల్లో పోయినవాళ్ల పేర్లు ఒకే పుస్తకంలో ఎప్పుడు వేస్తారు? జవాబు చెప్పేదాకా కూర్చోకండి.